నేల అందే బండి

మా నాన్న రైల్వేలో ట్రాలీమేన్. అరకు కొండల్లో పట్టాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడానికి ఇన్‌స్పెక్టరు గారు నాలుగు చక్రాల చిన్న బండి మీద కూర్చుని వెళ్లేవారు. ఆ బండికి ఇంజను ఉండదు. ఇద్దరు మనుషులు వెనక నుంచి తోస్తూ, ఒట్టి కాళ్లతో పట్టాల మీదే పరిగెత్తుతారు. ఒకరు ఈ పట్టా మీద, ఒకరు ఆ పట్టా మీద. దిగుడు రాగానే ఇద్దరూ ఎగిరి బండి వెనక ఎక్కి నిలబడతారు. అరచేతి వెడల్పు కూడా లేని ఇనుము మీద నాన్న ఎన్నో ఏళ్లు అలా పరిగెత్తాడు. చివరికి మామూలు నేల మీద నడిచినా ఏదో గీత గీసి ఉన్నట్టు, పాదం ముందు పాదం వేసి నడిచేవాడు.

అలాంటి మనిషి కూతుర్ని నేను. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి నా రెండు కాళ్లూ పడిపోయాయి. పరిగెత్తి బతికే తండ్రికి నడవలేని కూతురేమిటని మా క్వార్టర్స్‌లో చాలామంది జాలిపడేవారు. ఆ మాట నాన్న చెవిన పడితే ఊరుకునేవాడు కాదు.

“ట్రాలీకి కాళ్లున్నాయేటి? సక్రాలుండాల, తోసేవోడుండాల. అంతే కదా” అనేవాడు.

బడికి నాన్న సైకిలు వెనక కూర్చుని వెళ్లేదాన్ని. నాన్న లైన్ మీదికి వెళ్లిన రోజుల్లో అమ్మ చంకనేసుకుని తీసుకెళ్లేది. ఎనిమిదో తరగతికొచ్చేసరికి నేను బరువెక్కాను, అమ్మ నడుం పట్టేసింది. కాళ్లకి ఇనప పట్టీలు కట్టుకుని, చంక కర్రలతో నడవడం నేర్చుకున్నాను కానీ, వానాకాలం మా రోడ్ల మీద ఆ కర్రలు రోజుకు రెండుసార్లయినా జారేవి. పదో తరగతి పాసైన ఏడు, వైజాగ్‌లో వికలాంగులకు పరికరాలు పంచుతున్నారని ఎవరో చెబితే నాన్న సెలవు పెట్టి నన్ను తీసుకెళ్లాడు. పొద్దుటి నుంచి వరసలో నిలబడితే సాయంత్రానికి ఒక చక్రాల కుర్చీ ఇచ్చారు. ఆస్పత్రుల్లో ఉండే రకం. నాలాంటివాళ్లు ఇద్దరు పట్టేంత వెడల్పు. నిండు ఇత్తడి బిందెలా బరువు.

ఇంటికి తెచ్చాక నాన్న దాన్ని వాకిట్లో తలకిందులుగా పెట్టి, చక్రాలు తిప్పుతూ చాలాసేపు చూశాడు.

“ఈ సక్రాలు నిటారుగా ఎందుకున్నాయే?” అన్నాడు.

“చక్రాలు నిటారుగానే కదా నాన్నా ఉంటాయి.”

“ఎవులు సెప్పారు? మా పట్టా సూడు, లోపలికి ఒరిగుంటాది. రైలు సక్రం కూడా లోపల లావు, బయట సన్నం. అలగుంటేనే బండి తిన్నగా ఎల్తాది. ఇదేటి, కాళ్లు దగ్గరకెట్టుకుని నిలబడ్డ మనిసిలాగున్నాది. పక్కనుంచి తోసీసినామంటే పడిపోతాది.”

అరకు రోడ్డు మీద గేట్లూ కిటికీ గ్రిల్లులూ వెల్డింగ్ చేసే షాపు ఒకటుండేది. నాన్న కుర్చీని అక్కడికి తీసుకెళ్లాడు. మూడు రోజుల తర్వాత తిరిగొచ్చిన కుర్చీని నేను గుర్తుపట్టలేదు. చేతులు ఆనించుకునే కడ్డీలు లేవు. వెడల్పు సగానికి సగం తగ్గింది. పెద్ద చక్రాలు రెండూ పైన దగ్గరగా, కింద ఎడంగా, కాళ్లు చాపి నిలబడ్డట్టు ఒరిగి ఉన్నాయి. ఎక్కి ఒక్క తోపు తోశాను. క్వార్టర్స్ చివరున్న కొళాయి దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే నాన్న నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు.

చక్రాలు అలా ఒరిగి ఉంటే కుర్చీ ఎందుకు నిలకడగా పోతుందో వైజాగ్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఒక పుస్తకంలో చూశాను. రెండు పేజీల లెక్కలున్నాయి. లైబ్రరీలో ఒక్కదాన్నే నవ్వుకుంటే పక్కబల్ల వాళ్లు తలెత్తి చూశారు.

పరుగు పందాల సంగతి కూడా కాలేజీలోనే తెలిసింది. వికలాంగుల ఆటల పోటీలని నోటీసు పెట్టారు. వంద మీటర్ల చక్రాల కుర్చీ పరుగుకి పేరిచ్చాను. నాన్న అరకు నుంచి పొద్దున బయల్దేరి వచ్చి గ్రౌండ్ అంచున నిలబడ్డాడు. ఏడుగురిలో ఏడోదాన్ని నేనే. సిగ్గుతో తల దించుకుని వస్తే ఆయన ఓదార్పు మాటలేమీ అనలేదు.

“ముందు మూడు తోపులూ బాగా తోసినావు. తరవాత సక్రాన్ని గిల్లినావు” అన్నాడు.

“గిల్లడమేంటి?”

“కదిలిన బండిని అదేపనిగా పట్టుకోకూడదు. ఒక్క దెబ్బ కొట్టాల, వదిలీయాల. మళ్లీ కొట్టాల. ట్రాలీని మేం అలగే తోత్తాం. దాన్ని పట్టుకుని ఏలాడితే అదీ పోదు, మనమూ పోం.”

ఆ ఏడాది వేసవి సెలవుల్లో నాకు శిక్షణ మొదలైంది. పొద్దున్నే జీపులు మొదలుకాకముందు డుంబ్రిగుడ రోడ్డు మీద నేను కుర్చీలో, నాన్న తారు అంచున ఒట్టి కాళ్లతో. చేతి తొడుగులకి సైకిలు ట్యూబు ముక్కలు అతికించి ఇచ్చాడు. ఎగువ వస్తే నేను ఆగిపోయేదాన్ని.

“అలిసిపోనావేటి?” అనేవాడు.

“లేదు.”

“మరెందుకాపీసినావు?”

అప్పుడు నాకు నిజం ఒప్పుకోక తప్పేది కాదు. “అలిసిపోయాను నాన్నా.”

“అదీ మాట. ఉండు, నేనూ అలిసిపోనాను” అని రోడ్డు పక్క రాయి మీద కూర్చునేవాడు. చుట్టూ చోడి చేలు. పనికెళ్లే ఆడవాళ్లు ఆగి, ఈ తండ్రీకూతుళ్లకి ఏం పట్టుకుందో అన్నట్టు చూసి వెళ్లిపోయేవారు. నెల తిరిగేసరికి వాళ్లే “బేగి బేగి” అని అరవడం మొదలుపెట్టారు.

తొంభైలన్నీ నాకు అలాగే గడిచాయి. చదువు, తర్వాత వైజాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం, మధ్యలో పోటీలు. పెద్ద పోటీలకి వెళ్తే మిగతావాళ్ల దగ్గర ముందు పొడుగ్గా ఒకే చక్రమున్న తేలికపాటి పరుగు కుర్చీలుండేవి. వాటిని చూసి వచ్చి బొమ్మ గీసిస్తే, నాన్నా ఆ వెల్డరూ కలిసి నాకూ ఒకటి తయారుచేశారు. బరువెక్కువే, కానీ తిన్నగా పోయేది. చాలాసార్లు ఓడిపోయాను. ఒక్కసారి మాత్రం జాతీయ పోటీల్లో నాలుగు వందల మీటర్లకి రజతం వచ్చింది. ఆ పతకాన్ని నాన్న డ్యూటీకి పట్టుకెళ్లాడు. ఇన్‌స్పెక్టరు గారికి చూపించి సాయంత్రానికి తెచ్చేస్తానన్నాడు. నాలుగు రోజులు తేలేదు. లైన్ మీద పనిచేసే గ్యాంగులన్నిటికీ చూపించుకుంటూ పోయాడని తర్వాత తెలిసింది. రిబ్బనుకి గ్రీజు మరకలు అంటి ఉన్నాయి. 

ఇరవై ఆరో ఏట కుడి భుజం నొప్పి మొదలైంది. మొదట పోటీ అయ్యాక వచ్చేది. తర్వాత తల దువ్వుకున్నా వచ్చేది. డాక్టరు గారు ఫిల్ములు చూసి నిదానంగా చెప్పారు.

“కాళ్ల పనీ చేతుల పనీ కూడా ఆ భుజాలే చేస్తున్నాయమ్మా. పరుగు కావాలా, ముసలితనంలో మంచం మీంచి కుర్చీలోకి మీ అంతట మీరు మారడం కావాలా, మీరే తేల్చుకోండి.”

ఆ మాటలు మోసుకుని అరకు వెళ్లాను. దారిలో ఎన్ని సొరంగాలొస్తే అన్నిసార్లు ఏడ్చాను, ఆ చీకట్లో ఎవరూ చూడరని. ఇంట్లో నాన్న మోకాలికి ఏదో ఆకు పసరు రాసుకుంటూ కూర్చున్నాడు. విషయం చెప్పాను. 

“నేను కూడా అడిగీసినానే. ట్రాలీ నా వల్ల కాదు, గేటు డ్యూటీ ఇప్పించండని. వచ్చే నెల నుంచి గేటు దగ్గరే” అన్నాడు. పసరు ఇంకాస్త రాసుకుని, “మానీడం సిగ్గేటి కాదు. మోకాలెందుకు పోయిందో ఎవులైనా సెప్తే బాగున్ను, అంతే” అన్నాడు.

భుజం ఎందుకు పోయింది? ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఏడాది తిరక్కుండానే ఉద్యోగం మానేసి, వికలాంగుల పరికరాల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో చేరాను. వేరే రాష్ట్రంలో, పెద్ద ఊళ్లో. మా ప్రొఫెసర్ గారు ఉత్సాహవంతుడు. చక్రాన్ని తోసే చెయ్యి ఏ కోణంలో ఉంటే భుజం మీద ఎంత బరువు పడుతుందో కొలవడం నా మొదటి పని. కొలవాల్సిన చేతులు కూడా నావే. రెండేళ్లు పోయాక సొంతంగా ఒక పని చేసుకోమన్నారు. అడగ్గానే నా నోటి వెంట వచ్చింది, “కొండదారుల మీద పోయే కుర్చీ చేస్తానండీ.”

నా తెలివంతా పెట్టి చేశాను దాన్ని. చక్రాల్ని చేత్తో తోసే పని లేకుండా రెండు పొడుగాటి లివర్లు, పడవ తెడ్లలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే బండి కదులుతుంది. భుజానికి శ్రమ తక్కువ. రాళ్లలో ఇరుక్కోకుండా ముందు ఒక పెద్ద చక్రం, నా పరుగు కుర్చీకి ఉన్నట్టే. సీటు మాత్రం కావాలని ఎత్తుగా పెట్టాను. నిలబడ్డవాళ్లతో మాట్లాడాలంటే ప్రతిసారీ మెడ ఎత్తాల్సిన బాధ నాకు తెలుసు. నా బండిలో కూర్చున్న మనిషి నలుగురిలో తలెత్తుకు కూర్చోవాలి అనుకున్నాను. రిపోర్టులో కూడా అలాగే రాశాను.

దాన్ని వాడి చూసే మనిషి కోసం అడిగితే, డుంబ్రిగుడ వైపు తిరిగే ఆరోగ్య కార్యకర్త ఒకావిడ పేరు చెప్పింది. విస్తళ్లు కుట్టే అడ్డాకుల కోసం చెట్టెక్కి తీగ లాగుతూ పడిపోయి వెన్ను విరిగిన మనిషి. నడుం కింద కదలికా లేదు, స్పర్శా లేదు. మూడేళ్లవుతోంది. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద ఉంటుంది. వాళ్ల ఊరు కొండ వాలులో ఉంది. అక్కడి నుంచి తారు రోడ్డుకి రాళ్ల బాట.

నేనూ ఆ కార్యకర్తా వెళ్లిన రోజు ఆమె వాకిట్లో పసుపు కొమ్ములు ఏరుతోంది. సామల ఊక నింపిన గోనె సంచి మీద కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆనించి, ఒళ్లు లేపి, సంచిని కూడా జరుపుకుంటూ వాకిలంతా తిరుగుతోంది. నేను జీపులోంచి నా కుర్చీలోకి మారడం కన్నార్పకుండా చూసింది.

“నీకూ పడిపోనాయా?” అంది, నా కాళ్ల వైపు చూసి.

“చిన్నప్పుడే. పోలియో.”

“గిల్లితే తెలుస్తాదా?”

“తెలుస్తుంది.”

“నాకు తెలీదు” అని మళ్లీ పసుపు ఏరడంలో పడింది. ఆ ఒక్క తేడా ఎంత పెద్దదో ఆమె మొదటి నిమిషంలోనే చెప్పేసింది. నాకు అర్థమవడానికి రెండు నెలలు పట్టింది.

బండి ఎక్కడానికి మాత్రం వెంటనే ఒప్పుకుంది. సంతకి వెళ్లడం ఆమెకి ప్రాణం. పడిపోక ముందు ప్రతి వారం పసుపూ పిప్పళ్లూ చింతపండూ నెత్తినెట్టుకుని తనే డుంబ్రిగుడ సంతకి వెళ్లేదట. ఇప్పుడు భర్త వెళ్తున్నాడు. “ఆడికి బేరం రాదు. ఎవులేటడిగితే అదిచ్చీసి వచ్చీత్తాడు” అని ఆయన ఎదురుగానే అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. భర్తా, అత్తా కలిసి ఆమెని ఎత్తి సీటులో కూర్చోబెట్టారు. లివర్లు పట్టుకుని వాకిలి దాటి బాట మీదికెళ్లింది. ఊళ్లో వాళ్లంతా వెంటపడ్డారు. నేను నోట్‌బుక్కు నిండా రాసుకుని, సంతోషంగా తిరిగెళ్లాను.

రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు నాన్న కూడా వస్తానన్నాడు. అప్పటికి రిటైరయ్యాడు. వెళ్లేసరికి బండి చూరు కింద, ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంది. ఆమె లోపల చాప మీద బోర్లా పడుకుని ఉంది. కూర్చునే చోట, ఎముక మీద, పుండు పడింది. ఆరోగ్య కార్యకర్త రోజూ వచ్చి కట్టు కడుతోంది.

 స్పర్శ లేని ఒంటికి ఒకేచోట ఒత్తిడి పడితే పుండు పడుతుందని నేను పుస్తకాల్లో చదివాను, పరీక్షల్లో రాశాను, నా కింద చదువుకునేవాళ్లకి చెప్పాను కూడా. కానీ ఆ సీటు మీది దిండు బాగుందో లేదో నేను కూర్చుని చూశాను. నాకు నొప్పి తెలుస్తుంది. తెలియకుండానే పక్కకి జరుగుతాను.

“తప్పు నాది అప్పా” అన్నాను. ఆమెని అక్క వరస కట్టి పిలవడం ఆ రోజే మొదలు.

ఆమె చాప మీంచే తల తిప్పింది. “బండి మంచిదే సెల్లీ. తారు రోడ్డు దాకా ఎల్లొచ్చినాను. దిగడమే కుదరనేదు.”

“దిగడమా?”

“నన్నెక్కించాలంటే ఇద్దరు కావాల. దించాలంటే ఇద్దరు కావాల. ఈళ్లు పొద్దున్న నన్ను దాని మీద కూకోబెట్టీసి పొలానికి ఎల్లిపోతారు. మల్లీ పొద్దుగూకినాక వచ్చి దించుతారు. అందాకా నేను దాని మీదే. ఏటి సేత్తాను? నేల మీదున్నప్పుడు ఇటు జరిగీదాన్ని, అటు జరిగీదాన్ని. మూడేళ్లలో ఒక్క పుండు పడనేదు నాకు.”

నేను సీటు ఎత్తుగా ఎందుకు పెట్టానో చెప్పబోయాను. నలుగురిలో తలెత్తుకుని కూర్చోవాలని, అని మొదలుపెట్టాను. ఆమె పూర్తిగా వినలేదు.

“నా పొయ్యి నేల మీదున్నాది. నా పసుపు నేల మీదున్నాది. సంతలో నా సరుకు కూడా నేల మీదే ఉంటాది. నేనొక్కదాన్నే పైకెక్కి ఏటి సేత్తాను?”

 నేను పరుగులు తీసి పెంచుకున్న భుజాలతో మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి జీపులోకి మారిపోతాను. నేల మీద కూర్చుని పైకెక్కడం నా జీవితంలో పెద్దగా లేనే లేదు. మా ఇంట్లో కూడా నాన్న అన్నీ బల్లల మీద అమర్చిపెట్టాడు.

నాన్న అరుగు మీంచి కాస్త ముందుకి జరిగాడు. “నీ అంతట నువ్వు నేల మీంచి ఎంత ఎత్తు ఎక్కగలవమ్మా?” అని అడిగాడు.

“తెలీదు బావూ. ఎవులూ అడగనేదు.”

“పుండు మానినాక సూద్దాం.”

పుండు మానడానికి మూడు నెలలు పైనే పట్టింది. ఆ మూడు నెలల్లో మా ప్రయోగశాలలో నా పని ఏమీ సాగలేదు. ప్రతి వారం ఆరోగ్య కార్యకర్తకి ఫోన్ చేసి అడిగేదాన్ని. మానిందని చెప్పిన వారమే రైలెక్కాను. ఈసారి నాన్న ఎక్కడి నుంచో రెండు డజన్ల ఇటుకలు జీపులో వేయించాడు.

ఆమె వాకిట్లో ఒక ఇటుక వరస పరిచి, దాని మీద ఊక సంచి వేసి, ఎక్కమన్నాడు. ఎక్కింది. దాని మీద ఇంకో వరస పేర్చాడు. ఎక్కింది. మూడో వరసకి పళ్లు బిగించి, రెండుసార్లు జారి, మూడోసారి ఎక్కి కూర్చుని, గెలిచినట్టు మా వైపు చూసింది. నాలుగోది ఆమె వల్ల కాలేదు. అప్పుడు నాన్న ఆ నాలుగో వరస తీసేసి, మూడు వరసల ముందు తక్కువ ఎత్తులో ఒక మెట్టు కట్టాడు. నేల మీంచి మెట్టు మీదికి, మెట్టు మీంచి పైకి. ఈసారి కష్టం లేకుండా ఎక్కింది. మళ్లీ దిగింది. మళ్లీ ఎక్కింది. భర్త పొలం నుంచి వచ్చేసరికి ఆమె ఇటుకల మీదికి ఎక్కుతూ దిగుతూ ఉంది, నేను టేపు పట్టుకుని కొలతలు రాసుకుంటున్నాను, నాన్న బీడీ వెలిగించుకుని సలహాలిస్తున్నాడు.

“ముందుకి సక్రం ఒక్కటే ఉంటే దారికడ్డమే. ఎక్కే దారి ముందునుంచే కదా” అన్నాడు నాన్న.

నా పరుగు కుర్చీ నుంచి ఎంతో మురిపెంగా తెచ్చుకున్న ఆ ఒంటి చక్రాన్ని నా చేత్తోనే బొమ్మలోంచి కొట్టేశాను. దాని బదులు రెండు చక్రాలు ఎడంగా, మధ్యలో మెట్టు. సీటు మూడు ఇటుకల ఎత్తు, లివర్లు మాత్రం పాతవే. బ్రేకు నాన్న చెప్పినదే. ట్రాలీకి ఉన్నట్టు ఒకే పిడి, లాగితే రెండు చక్రాల మీదా చెక్కలు ఒకేసారి నొక్కుకుంటాయి. చెక్కలకి పాత టైరు ముక్కలు తొడిగాం, వానలో జారకుండా. దిండు సంగతి మాత్రం ఎక్కువ రోజులు పట్టింది. ఊక సంచే కావాలని ఆమె, స్పాంజి కావాలని నేను. ప్రయోగశాలలో కొలిచి చూస్తే ఏ ఒక్కటీ సరిపోలేదు. ఎముకలు ఆనే చోట గుంట తీసిన స్పాంజి, దాని మీద పల్చటి ఊక సంచి, ఇలా రెండూ కలిపితే బాగుంది. ఊక చెమ్మగిల్లితే గట్టిపడుతుంది, తరచూ మార్చాలని చెప్పాను.

“మా ఇంట ఊకకి కరువేటి?” అంది.

కొత్త బండి మీద ఆమె సంతకెళ్లిన రోజు నేనూ నాన్నా ముందుగా వాళ్ల ఊరెళ్లాం. ఆమె తనే మెట్టెక్కి కూర్చుంది. మూటలు వెనక కట్టించుకుంది. రాళ్ల బాట దిగుతుంటే నాన్న బండి వెనక చెయ్యేసి, కుంటుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. కాస్త దూరం పోయాక ఆమె తల తిప్పింది.

“బావూ, తొయ్యకు.”

“తొయ్యట్లేదమ్మా, ఊరికే పట్టుకున్నాను.”

“పట్టుకోకు కూడా.”

నాన్న చెయ్యి తీసేశాడు. ఆ వాలులో ఆమె బ్రేకు లాగుతూ వదులుతూ, లాగుతూ వదులుతూ దిగింది. నేను జీపులో వెనకే వస్తూ డ్రైవరుని నెమ్మదిగా పొమ్మంటున్నాను. నాన్న మాత్రం బాట అంచున నిలబడిపోయి ఆమె చేతుల్నే చూస్తున్నాడు.

“సూసినావా, బ్రేకుని ఏలాడట్లేదు. కొట్టి వదుల్తున్నాది” అన్నాడు నాతో, జీపు పక్కకి వచ్చి.

సంతలో ఆమె తన పాత చోటు వెతుక్కుని, అక్కడ కూర్చున్న వాళ్లతో చిన్న గొడవ పెట్టుకుని, జరిగేలా చేసి, బండి దిగింది. పట్టా పరిచి పసుపు కుప్ప పోసింది. బండిని వీపుకి ఆనించుకుంది. నేను నా కుర్చీ తోసుకుంటూ దగ్గరికెళ్లి, “ఎలా ఉంది అప్పా? నొప్పేమైనా...” అని అడగబోయాను. ఆమె ఒక ఆసామీతో గట్టి బేరంలో ఉంది. నా వైపు చూడకుండానే, కొనేవాళ్లకి అడ్డంగా ఉన్నాను, పక్కకి జరగమని చెయ్యి ఊపింది. జరిగాను. జనం ఆమె ముందు వంగి, గొంతుక్కూర్చుని సరుకు చూస్తున్నారు. ఆమె తల అందరి తలలతో సమానంగా ఉంది.

ఈ పని మీద పేపరు రాసినప్పుడు రచయితల్లో నా పేరు తర్వాత ఆమె పేరు పెట్టాను. పంపించే ముందు ఒక సీనియర్ సైంటిస్టు చూసి, “ఈవిడ అర్హత ఏమిటి?” అని అడిగారు.

“నేను తప్పు చేసిన చోట సరిదిద్దారండీ” అన్నాను.

మా ప్రొఫెసర్ గారు నవ్వి, ఆ పేరు అలాగే ఉంచమన్నారు. అచ్చయిన కాగితాలు ఆమెకి తీసుకెళ్లి ఇస్తే, తన పేరెక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. “ఇంతేనా?” అని మడిచి చూరులో దోపింది. నాన్న పేరు చివర కృతజ్ఞతల్లో ఉంది. ఆయన కాగితాలు తిరగేసి తిరగేసి, “బ్రేకు బొమ్మ మరీ సిన్నదేసినావే” అన్నాడు. ఆయన అలక వారం దాకా తీరలేదు.

ఆ తర్వాత మా పని మెల్లగా పెరిగింది. ఏజెన్సీ గ్రామాల్లో వెన్ను దెబ్బ తిన్నవాళ్లు మేం అనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉన్నారు. చెట్ల మీంచి పడ్డవాళ్లు, జీపులు బోల్తాపడ్డప్పుడు దెబ్బ తగిలినవాళ్లు. ఒకరికి సరిపోయిన బండి ఇంకొకరికి సరిపోదు. ప్రతి ఇంటికీ వెళ్లి చూడాలి. నేను ఒక్కదాన్నే వెళ్తే వాళ్లు మేడం అంటారు, టీ ఇస్తారు, బండి చాలా బాగుందంటారు. నిజం చెప్పరు. అందుకని అప్పని అడిగాను, నాతో వస్తావా అని. కోతలు లేని రోజుల్లో వస్తానంది. సంత రోజు మాత్రం రానంది.

ఒక చలికాలం లంబసింగి అవతల ఊరొకదానికి వెళ్లాం. పొద్దెక్కినా మంచు విడలేదు. ఇంటాయన కంబళి కప్పుకుని మంచం మీద ఉన్నాడు. ఏడాది కిందట లోయలో పడి నడుం పోయింది. మేం వచ్చామని తెలిసి కూడా గోడ వైపే తిరిగి ఉన్నాడు. నేను గుమ్మం బయట కుర్చీలో ఆగి, ఫైలు తీసి, మామూలుగా అడిగే ప్రశ్నలు మొదలుపెట్టాను. ఆయన కంబళి ఇంకా పైకి లాక్కున్నాడు.

అప్ప తన బండిని లోపలికి పోనిచ్చింది. మెట్టు మీదికి, మెట్టు మీంచి నేల మీదికి దిగింది. ఊక సంచి లాక్కుని మంచం పక్కన కుంపటి దగ్గరికి జరిగి చేతులు కాచుకుంది. ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. ఆమెనీ బండినీ మార్చి మార్చి చూశాడు.

“నీకెలగయ్యింది?” అన్నాడు చివరికి.

చెప్పింది. చెట్టు సంగతి, తీగ సంగతి, పుండు సంగతి, నేను మొదట చేసిన ఎత్తు బండి సంగతి కూడా, కాస్త ఎక్కువే కలిపి చెప్పింది. ఆయన నవ్వాడు. ఇంట్లో వాళ్లు తలుపు దగ్గరికొచ్చి వింటూ నిలబడ్డారు. చాలాసేపయ్యాక ఆయనకి నేను గుర్తొచ్చాను. గుమ్మం వైపు గడ్డం ఎత్తి, “ఆ మేడం ఎవులు?” అని అడిగాడు.

“ఆ గుంటా? బండి సేస్తాది. ఎలగ సెయ్యాలో నేను సెప్తాను” అంది అప్ప. నా వైపు తిరిగి, “ఆ టేపు ఇటియ్యి సెల్లీ, మంచం ఎత్తు కొలవాల” అని చెయ్యి చాపింది.

టేపు విసిరాను. పట్టుకుంది.